సారయ్య బొంతంగి

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. ఆ మాట పుట్టించిన వాడు మా కొత్తవాడ సారయ్యను చూసి ఉంటే రాజు ఊసెత్తకుండా ఏకంగా యముడి పేరే చెప్పి ఉండేవాడని మల్లవ్వ నమ్మకం. మల్లవ్వ అంటే సారయ్య పెండ్లామే. ఆమెకు తెలిసినంతగా ఆయన మొండితనం ఇంకెవరికి తెలుస్తుంది?

పోయిన చలికాలం సారయ్య రొమ్ముకు నెమ్ము చేరింది. పెద్ద దవాఖానలో పడుకోబెడితే, మనిషి సగమై ఇంటికి తిరిగొచ్చాడు. పంపించేటప్పుడు డాక్టరు మల్లవ్వను పక్కకు పిలిచాడు. "ఈసారికి బతికి బయటపడ్డాడమ్మా. వచ్చే చలికాలం ఆ రొమ్ముకు చలి తగిలితే మాత్రం నా చేతుల్లో ఏం ఉండదు" అని చెప్పాడు. మల్లవ్వ ఆ మాటను ఏడాది పొడుగునా కొంగున ముడేసుకుని తిరిగింది. ఎండాకాలం పోయింది, వానలు పోయినయి. ఇప్పుడు ఆ వచ్చే చలికాలం రానే వచ్చింది. పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది, డిసెంబరు. పొద్దున లేస్తే ఎదురింటి గోడ కూడా కనపడనంత మంచు.

చలికాలం అందరికీ వస్తుంది, ముసుగు తన్ని పడుకుంటే పోతుంది అంటారేమో. నేతగాళ్ల గల్లీలో అది కుదరదు. నూలు మగ్గమెక్కాలంటే ముందు దానికి గంజి పట్టాలి. గల్లీ పొడుగునా పడుగు, అంటే బట్టకు నిలువు పోగులన్నీ, సాగదీసి, రెండు కొసలూ గుంజలకు బిగించి, జొన్నపిండి గంజి పట్టించి, గడ్డివేళ్లతో కట్టిన బారెడు కుంచెతో దువ్వుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు తిరగాలి. అంత చోటు ఎవరింట్లో ఉంటుంది? గల్లీయే కార్ఖానా. పొద్దెక్కనిస్తే ఎండకు గంజి బిర్రుగా ఆరి పోగుకు పోగు అంటుకుపోతుంది. గాలి లేస్తే అంతా చిక్కు. అందుకని ఆకు కూడా కదలని వేళ, మంచు కురిసే వేళ, ఇంకా మసక చీకటి ఉండగానే పని మొదలు పెట్టాలి.

ఆ పనిలో సారయ్యకు సాటి లేరు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, తిట్టుకునే మల్లవ్వ కూడా ఆ ఒక్క విషయంలో మొగుణ్ణి చూసి మురిసిపోయేది. కుంచె పట్టి వంగాడంటే మనిషి నడుస్తున్నట్టు ఉండదు, పడుగు మీద తేలిపోతున్నట్టు ఉంటుంది. ఎక్కడ నొక్కాలో, ఎక్కడ తేలగా పోనివ్వాలో, ఏ పోగు సణుగుతోందో ఆయన చేతికి తెలుసు. పక్కింటివాళ్లూ, వెనక గల్లీ వాళ్లూ కూడా "సారన్న చెయ్యి పడితేనే పడుగు" అనేవారు. వారంలో సగం పొద్దులు ఎవరిదో ఒకరి పడుగు ఆయన కోసం కాసుకుని ఉండేది.

చిక్కంతా ఏమిటంటే, ఆ పని ఉత్త ఒంటితోనే చేయాలి. గోచి బిగించి, నెత్తికి తువ్వాల చుట్టుకుని, మిగిలిన పెయ్యంతా మంచుకు అప్పజెప్పాలి. అంగీ వేసుకుంటే గుండీ తగిలినా చాలు, పోగులు పుటుక్కున తెగుతాయి. దుప్పటి కప్పుకుంటే కొంగూ అంచూ వేలాడి పడుగు మీద పాకుతాయి. పైగా గంజి చిమ్మి అంగీ ముందంతా తడిసి రొమ్ముకు అతుక్కుంటుంది. ఆ తడి అంగీ కన్నా ఉత్త ఒళ్లే నయం. తాతల నాటి నుంచి గల్లీలో మగవాళ్లంతా అట్లాగే చేశారు.

"ఈ ఒక్క సలికాలం కుంచె బుచ్చిరాములుకు ఇయ్యరాదయ్యా" అని మల్లవ్వ బతిమాలింది. బుచ్చిరాములు వాళ్లకు ఒక్కగానొక్క కొడుకు. "శివరాత్రికి సలి శివశివ అనుకుంట పోతది. ఆ తర్వాత నువ్వే పట్టు, ఎవలొద్దన్నరు?"

"వాడు కుంచె పడితే అది పడుగు కాదు, బాయిల చేద తాడయితది" అన్నాడు సారయ్య.

బుచ్చిరాములు పక్కనే అన్నం తింటున్నాడు. తల వంచుకుని ఇంకో ముద్ద కలుపుకున్నాడు. ఉన్నమాటకు ఉలుకెందుకు? మగ్గం గుంటలో కూర్చుంటే వాడి చేయి బంగారమే, కుంచె దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇనుము.

"దవాఖాన్ల డాక్టరు ఏం చెప్పిండో మతికున్నదా?"

"డాక్టరు పడుగు పడుతడా? పట్టడు. ఆయనకేం ఎరుక" అని చేయి కడుక్కుని లేచాడు. ఇక మాట్లాడి లాభం లేదు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

పొద్దున్నే గల్లీలోకి పోతున్నాడు. వారం తిరగక ముందే దగ్గు మొదలైంది. మొదట పొడి దగ్గు. తర్వాత రొమ్ములో ఏదో గలగలమన్నట్టు వచ్చే దగ్గు. పోయిన ఏడాది కూడా ముందు అట్లాగే వచ్చింది. ఆ చప్పుడు వినబడ్డప్పుడల్లా మల్లవ్వ చేతిలో గంజి గరిటె ఆగిపోయేది. ఈయన పోతే నేనేం కావాలి అనే ఒక్క ఆలోచనే ఆమెను తిననివ్వలేదు, కూర్చోనివ్వలేదు.

ఆఖరికి ఆమె గొంగడి తెచ్చింది. రఘునాథపల్లి నుంచి మంద తోలుకొచ్చే మొగిలయ్య దగ్గర తీసుకుంది. నల్ల గొర్రె ఉన్నితో నేసింది, వానకూ చలికీ అదే ఇల్లు అంటాడు మొగిలయ్య. దాన్ని తెచ్చి సారయ్య ముందు పెట్టి, "నా మీద ఒట్టు. ఇది కప్పుకోకుంట గల్లీల అడుగు పెడితె నా పీనుగును చూస్తవ్" అన్నది. అంతటి మాట అన్నాక సారయ్య అయినా ఏం చేస్తాడు? గొంగడి కొసను తల మీద కొప్పెరగా ముసుగేసి, ఒళ్లంతా చుట్టుకుని, నడుముకు తాడు బిగించాడు. వేలాడే కొస ఒక్కటి కూడా లేదు. "వెచ్చగనే ఉన్నది" అని కూడా ఒప్పుకున్నాడు. మల్లవ్వకు ప్రాణం లేచొచ్చింది.

ఆ పొద్దు పట్టింది సారంగపాణి పడుగు. సారంగపాణి ఎదురింటివాడు, సారయ్యను సొంత అన్నలా చూసుకునేవాడు. పంచెల పడుగు, పాల తెలుపు. చీకట్లో ఎవరికీ ఏమీ కనపడలేదు. తూర్పు తెల్లబారి పోగులు కళ్లకు ఆనేసరికి గల్లీ అంతా పడుగు చుట్టూ మూగింది. పడుగు నిండా నల్ల బొచ్చు. ఈ కొస నుంచి ఆ కొస దాకా, తడి గంజికి అతుక్కుని, చీమలు బారులు తీరినట్టు. కొత్త గొంగడి, కప్పుకున్న మనిషి అటూ ఇటూ తిరిగినంతసేపూ ఉన్ని రాల్చుతూనే ఉంది.

"సారన్నా, పంచె నేయిస్తానవా, గొర్రెను నేయిస్తానవా?" అని గల్లీ చివర ఎవడో అన్నాడు. నలుగురు నవ్వారు. సారంగపాణి మాత్రం వంగి బొచ్చు ఏరడం మొదలు పెట్టాడు. ఆయన తిట్టకపోవడమే సారయ్యకు చెంపదెబ్బయింది.

ఆడవాళ్లంతా చేరి బొచ్చు ఏరడానికి కూర్చున్నారు. పొద్దెక్కింది, గంజి ఆరింది, బొచ్చు గట్టిపడింది. గోటితో లాగితే బొచ్చుతో పాటు పోగు కూడా వస్తోంది. మల్లవ్వ చేతిలోనే బోలెడు తెగాయి. అప్పుడు చూసింది ఆమె తన కోడలి వేళ్లను. కోడలు అనసూర్య పోయిన ఎండాకాలమే కాపురానికొచ్చింది. తొర్రూరు దిక్కు పిల్ల. వాళ్లూ సాలోళ్లే గానీ, తాతలనాడే మగ్గం విప్పేసి పత్తిచేన్లలో పడ్డారు. "నేసే ఇంటికి పత్తి ఏరే పిల్లను తెచ్చుకున్నం" అని మల్లవ్వ నలుగురిలో నాలుగుసార్లు అన్నది కూడా. ఆ ఏరే పిల్ల ఇప్పుడు రెండు వేళ్లతో బొచ్చు మొదలు పట్టి, చిన్నగా తిప్పి, పోగు కదలకుండా ఇవతలికి తీస్తోంది. ఆమె చేతిలో ఒక్క పోగు తెగలేదు. ముళ్ల కాయలోంచి పత్తి తీసిన వేళ్లు మరి. తక్కినవాళ్లు బారెడు ఏరేసరికి ఆమె గల్లీ సగం ఏరేసింది.

ఆ సాయంత్రం సారయ్య గొంగడిని మడిచి మల్లవ్వ చేతిలో పెట్టాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"మల్లవ్వా, సస్తే పడుగు కాడనే సస్త. గాని ఇంకొక్క పడుగు కరాబు జేసి మాత్రం సావ. ఇగ నా పెయి మీద ఏదీ కప్పకు" అన్నాడు.

మల్లవ్వ పెరట్లోకి పోయి పొయ్యి ముందు కూలబడింది. ఉన్న ఒక్క దారీ తన చేతులతోనే మూసుకున్నట్టయింది. ఇక ఆ మనిషి చచ్చినా బట్ట వేసుకోడు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అనసూర్య వచ్చి పక్కన కూర్చుని, పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

"గొంగడి మంచిదే అత్తమ్మా. ఉన్నితోనే కతంత."

"ఉన్ని గాకపోతె ఏం కప్పాలె, నా తలకాయనా?" అని మల్లవ్వ కసిరింది. ఏడుపులో కూడా ఆమె నోరు ఆమెదే.

"నూలే."

"నూలు తడుస్తది గదనే."

"తడిస్తె ఇప్పేద్దాం" అన్నది అనసూర్య. "మా దిక్కు మంచుల చేనుకు పోతే ఆకుల తడంత రొమ్ముకే తగులుతది. మా అవ్వ ముంగట ఒక గుడ్డ కట్టుకునేది. అది తడవంగనే తీసి పొడిది కట్టుకునేది. సలి గాలికెల్లి రాదు అత్తమ్మా, తడికెల్లి వస్తది."

మల్లవ్వ ముక్కు చీది కోడలి ముఖంలోకి చూసింది. ఆ పిల్ల ఇంట్లో అడుగు పెట్టినప్పటి నుంచీ ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడింది లేదు.

తెల్లారి నుంచి అనసూర్య గంజి చెంబు పట్టుకుని మామ వెంటే తిరిగింది. ఊరికే తిరిగితే సరే. రెప్ప వేయకుండా ఆయన ఒంటి దిక్కే చూస్తోంది. ఆయన వంగితే తానూ కాస్త వంగి చూస్తుంది, ఆయన చేయి చాచితే ఆ చేతి వెంట చూపు పోతుంది. పక్కింటి ఆడవాళ్లు మూతులు తిప్పుకున్నారు. మల్లవ్వకు తల కొట్టేసినట్టయింది. ఇంట్లోకి రాగానే పట్టుకుంది.

"మామ పెయి దిక్కు గట్ల గుడ్లు మిటకరిచ్చి చూస్తవేందే? సిగ్గు లేదా?"

"ఏడ తాకుతాందో చూస్తాన" అన్నది అనసూర్య. "వంగినప్పుడు మామ కడుపు పడుగుకు తాకుతాంది. కుడి మోచెయ్యి తాకుతాంది. ఈపుకు, బుజాలకు ఏదీ తాకుతలేదు. గంజి చిమ్మేది రొమ్ము మీదికే. మిగిలిందంత పొడిగనే ఉంటాంది."

మల్లవ్వ గడపలోంచి గల్లీ దిక్కు చూసింది. ఇన్నేళ్లుగా ఆయన్ను చూస్తున్నది తను. పడుగును చూసింది, కుంచెను చూసింది, ఆయన దగ్గును విన్నది. ఆ ఒంటికి ఎక్కడ ఏం తగులుతుందో ఎన్నడన్నా చూసిందా?

మూలన ఉన్న పాత పంచెలూ చీరలూ బయటికొచ్చాయి. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడ్డవి, ఇక రాల్చడానికి నూగు కూడా మిగలనివి మాత్రమే ఏరింది అనసూర్య. వాటిని పొర మీద పొర పరిచి బొంత కుట్టినట్టు దగ్గర దగ్గరగా కుట్టింది. బొంతే, కానీ మనిషి కొలతకు కుట్టిన అంగీ, బొంతంగి. వీపునూ భుజాలనూ పట్టి ఉంచేటట్టు, చేతులు మోచేతి పైదాకే. గుండీలు లేవు, వెనక నాడాలు. అంచులన్నీ లోపలికి మడిచింది. కడుపు దగ్గర పొరలు తగ్గించింది, వంగితే ఉబ్బకుండా. రొమ్ము దగ్గర తెరిచి వదిలి, అక్కడికి మాత్రం విడిగా పలకల్లాంటి గుడ్డలు కొన్ని కుట్టింది, ఒకటి విప్పి ఇంకొకటి కట్టడానికి.

బొంత కుట్టడంలో మల్లవ్వకు వాడలో పేరుంది. చూస్తూ ఎంతసేపు కూర్చోగలదు? సూది లాక్కుంది. అత్తాకోడళ్లు ఒకే గుడ్డకు చెరో దిక్కు కూర్చుని కుట్టారు. కుడుతూ కుడుతూ, ఈ పిల్లకు పని రాదన్న నా నోట్లో మన్ను పడ అని మల్లవ్వ తనను తానే తిట్టుకుంది. పైకి మాత్రం, "ఆ కుట్టు ఇంక జర దగ్గరికి రావాలె" అన్నది. అత్త అన్నాక ఆమాత్రం అనకపోతే ఎట్లా?

కుట్టడం ఒక ఎత్తు, సారయ్యకు తొడగడం ఇంకొక ఎత్తు. మల్లవ్వ మళ్లీ ఒట్టు పెడదామనుకుంది. అనసూర్య వద్దన్నది. ఆమె ఏమీ అడగలేదు. కుంచె తగిలించే కొయ్యకే దాన్ని తగిలించి, తన పని తాను చూసుకుంది.

పగటి అన్నానికి వచ్చిన సారయ్య కొయ్య దగ్గర ఆగాడు.

"ఏంది ఇది?"

"బొంత మామా" అన్నది అనసూర్య.

"బొంతకు చేతులేంది?"

ఆయన దాన్ని కొయ్య మీంచి తీశాడు. విసిరి కొడతాడని మల్లవ్వ పట్టుకోవడానికి ముందుకొచ్చింది. విసరలేదు. వెలుతురుకు పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. లోపలికి పోయి పిడికెడు పోగులు తెచ్చాడు, సన్న నూలు, చూపు ఆనితే తెగేటంత సన్నం. వాటిని గంజిలో ముంచాడు. చాప మీద బొంతంగి పరిచి, ఆ తడి పోగులను దాని మీద మెల్లగా లాగడం మొదలు పెట్టాడు. పోగులు దూరే మగ్గం దువ్వెన, కొత్త పన్నె, తెచ్చినప్పుడు పోగు లాగి పరీక్ష చేస్తాడు చూడండి, అట్లాగే. వీపు మీద లాగాడు. భుజం మీద లాగాడు. అంచుల వెంట లాగాడు. పోగులు జారిపోతున్నాయి. నూగు రాలిందేమోనని వేలితో తుడిచి చూశాడు. అనసూర్య పొయ్యి దగ్గరి నుంచి లేవలేదు గానీ, ఆమె వేలు చీర అంచును పీకుతూనే ఉంది.

కుడి చేతి మడత దగ్గర పోగు చిక్కి ఆగింది.

సారయ్య వంగి చూశాడు. ఒక దారం ముడి పైకి వచ్చి ఉంది. అది మల్లవ్వ కుట్టిన దిక్కు.

"ఈడ ముడి లోపలికి పోవాలె" అన్నాడు.

అంతే అన్నాడు. మల్లవ్వకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి కదా, ఆయన తప్పు పట్టాడంటే వేసుకుంటాడనే లెక్క. వేసుకోనివాడికి ముడి పైనుంటే ఏం, లోపలుంటే ఏం?

అనసూర్య సూది తెచ్చి ఆ ముడి విప్పి లోపలికి కుట్టింది. ఆయన మళ్లీ పోగు లాగాడు. జారింది.

"మరి రొమ్ము తడిస్తె?"

అనసూర్య విడి గుడ్డలు చూపించింది. "కొస కాడికి వచ్చినప్పుడల్ల అత్తమ్మ పొడిది కడుతది మామా. తడిది గంజి పొయ్యి మీద ఆరుతది."

సారయ్య పెండ్లాం దిక్కు చూశాడు. "ఈమెకు ముడేసుడు రాదని ఇప్పుడే తేలె గదా" అన్నాడు. మల్లవ్వ ఏడుస్తూనే నవ్వింది.

ఆ సాయంత్రం ఆయన తనంతట తానే ఎదురింటికి పోయాడు. "సారంగం, రేపు పడుగు ఉన్నదా?" అని అడిగాడు. ఉంది. మళ్లీ తెల్ల పంచెలదే. సారంగపాణి ఒక్క క్షణం తటపటాయించాడు, ఎవరైనా తటపటాయిస్తారు. ఇంకొకసారి చెడితే సారయ్యను ఇక ఆ గల్లీలో ఎవరూ పిలవరు. అది ఇద్దరికీ తెలుసు. "ఉన్నదన్నా, రా" అన్నాడు సారంగపాణి.

తెల్లవారుజామున ఆ ఏడాదికంతా పెద్ద చలి పడింది. కుండలో నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొరికినట్టు ఉన్నాయి. సారయ్య బొంతంగి తొడుక్కుని, వెనక నాడాలు కోడలు బిగించాక, గల్లీలోకి దిగాడు. గల్లీలో ఉన్న మగవాళ్లంతా ఉత్త ఒళ్లతో వణుకుతూ ఆయన్నే చూశారు.

"ఏందన్నా, పెండ్లికొడుకు లెక్క తయారైనవు" అన్నాడు సారంగపాణి.

"పిల్లుంటె చెప్పు, చేసుకుంట. నా పెండ్లాం ఈన్నే ఉన్నది, ఆమెను కూడ అడుగుదాం" అన్నాడు సారయ్య, కుంచె గంజిలో ముంచుతూ.

ఇక మాటల్లేవు. కుంచె పడింది. ఆ పొద్దు ఆయన పట్టిన పడుగును చూసి తీరాల్సిందే. చలికి బిగుసుకుని పనిచేసే మనిషి చేయి ఎట్లా ఉంటుందో, వెచ్చగా ఉన్న మనిషి చేయి ఎట్లా ఉంటుందో మల్లవ్వకు అప్పుడు తెలిసింది. భుజాలు విప్పారాయి. కుంచె ఒక్క ఊపున సాగి, ఎక్కడా ఉలికిపడకుండా, గల్లీ ఈ కొస నుంచి ఆ కొసకు పోయింది. ఇన్నేళ్లూ ఆయన సగం బలంతో పడుగు పడితే, మిగతా సగం చలితో కొట్లాడిందన్నమాట. అవతలి పక్క ఉత్త తోడుకు కుంచె పట్టుకున్న బుచ్చిరాములు తండ్రి వేగం అందుకోలేక రొప్పాడు.

కొసకు రాగానే మల్లవ్వ తడి గుడ్డ విప్పి, పొయ్యి సెగకు కాగిన పొడి గుడ్డ కట్టింది. ఆయన మళ్లీ పోయాడు. మళ్లీ వచ్చాడు. మళ్లీ కట్టింది. ఒకసారి కూడా దగ్గలేదు. ఆమె చెవులు ఆ గలగల కోసం ఎదురు చూసి ఎదురు చూసి అలసిపోయాయి.

తూర్పు తెల్లబారింది. ఒకరి తర్వాత ఒకరుగా గల్లీ అంతా వచ్చి పడుగు మీదికి వంగారు. తెలుపు, ఉత్త తెలుపు. సారంగపాణి ఒక కొస నుంచి వేళ్లు ఆనించుకుంటూ ఆ కొస దాకా నడిచాడు. ఒక్క నూగు లేదు, తెగిన పోగు ఒక్కటీ లేదు. తిరిగొచ్చి, "అనసూర్యా, మా ఆడామెకు కూడ ఆ కుట్టు జర చూపియ్యి బిడ్డా. ఈ సలికి నా బొక్కలు కొరుకుతానయి" అన్నాడు. అనసూర్య తల వంచుకుని సరేనన్నది. గల్లీ నడిమధ్యన నిలబెట్టి నా కోడలు అని చెప్పుకోవాలనిపించింది మల్లవ్వకు. చెప్పుకోవడమేమిటి, చెప్పింది కూడా. "తొర్రూరు పిల్ల, ఏమనుకున్నరు" అన్నది, ఆ సంబంధం తనే ఏరి కోరి తెచ్చినట్టు.

ఇక ఆఖరి చుట్టు మిగిలింది. పడుగు సగం తడి, సగం ఆరుడు మీద ఉంది, కుంచె ఆగకూడని వేళ. సారయ్య కొసకు వచ్చి నిలబడ్డాడు. మల్లవ్వ తడి గుడ్డ విప్పింది. పొడిది కట్టబోతూ, ఏమనుకుందో ఏమో, ఆయన రొమ్ము మీద అరచేయి ఆనించింది. నలుగురిలో మొగుణ్ణి ముట్టుకున్న మనిషి కాదు ఆమె ఎన్నడూ. రొమ్ము వెచ్చగా ఉంది. ఊపిరి చప్పుడు లేకుండా వస్తోంది, పోతోంది. ఆమె చేయి తీయలేకపోయింది.

సారయ్య ఉలిక్కిపడ్డాడు.

"ఏం చెయ్యే ఇది? మంచు గడ్డ లెక్కున్నది."

"గట్లనే ఉంటది" అన్నది మల్లవ్వ.

"గట్లనే అంటే? రోజు గట్లనేనా?"

"సలికాలమంత గంతే. నీళ్ల పనాయె, గంజి పనాయె."

సారయ్య ఆమెను చూశాడు. పలుచటి పాత చీర. మోకాళ్ల దాకా తడి. వట్టి కాళ్లు మట్టిలో. ఆయన లేవకముందే లేచి నీళ్లు తోడి, పొయ్యి ముట్టించి, గంజి కాచి, ఆయన పని అయ్యేదాకా ఈ కొసన ఇట్లాగే నిలబడేది, కాపురానికి వచ్చిన నాటి నుంచీ. ఎన్నివేల సార్లు కుంచెతో ఆమె ముందుకు వచ్చి వెనక్కు తిరిగాడో. ప్రతిసారీ ఆయన కళ్లు పోగుల మీదే ఉన్నాయి.

"నాకెన్నడు చెప్పకపోతివి."

"నువ్వెన్నడు అడగకపోతివి" అన్నది మల్లవ్వ. ఎత్తిపొడుపు కాదది, ఉన్న సంగతి.

సారయ్య కుంచెను గుంజకు ఆనించాడు. పడుగు నడుమ ఆయన కుంచె దించడం ఆ గల్లీ ఎన్నడూ చూడలేదు. ఆమె రెండు చేతులూ పట్టుకుని, తన బొంతంగి లోపలికి, చంకల్లోకి దూర్చి, పైనుంచి తన చేతులతో గట్టిగా అదిమి పట్టాడు. సారంగపాణి ముఖం అటు తిప్పుకున్నాడు. బుచ్చిరాములు కుంచె పట్టుకుని ఏం చేయాలో తోచక నిలబడ్డాడు.

"ఇడువయ్యా. అందరు చూస్తాండ్రు" అన్నది మల్లవ్వ. ఆయన విడవలేదు. ఆమె పడుగు దిక్కు చూసింది. "పడుగు ఆరిపోతాంది."

"ఆరనియ్యి" అన్నాడు సారయ్య.